జిగురు ఆరేదాకా రేసు ఆగదు

2023 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లో పారిస్–రూబే సైకిల్ రేసు చివరి ఘట్టానికొచ్చింది. కార్ఫూర్ ద లార్బ్ర్ అనే రాళ్లదారి మీద బెల్జియం రైడర్ వౌట్ వాన్ ఆర్ట్, డచ్ రైడర్ మాథ్యూ వాన్ డెర్ పూల్ ముందున్నారు. అక్కడే వాన్ ఆర్ట్ వెనక టైరులో గాలి దిగిపోయింది. చక్రం మార్చుకుని మళ్లీ తొక్కడం మొదలెట్టేసరికి అవతలివాడు అందనంత దూరం వెళ్లిపోయాడు. వాన్ ఆర్ట్ 46 సెకన్ల తేడాతో మూడో స్థానంలో ముగించాడు. అదే పంక్చరు 1889లో పడి ఉంటే, బాగుచేసుకోవడానికి ఒక రాత్రి పట్టేది.

అంతకు ఏడాది ముందే, 1888లో, బెల్‌ఫాస్ట్‌లో ఉండే పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. వేగంతోపాటు పంక్చరూ రేసుల్లోకి వచ్చింది. ఆ తొలి టైర్లను రిమ్ముకు అంటించేవారు. చిల్లు పడితే టైరు ఊడబెరకాలి, ట్యూబుకు అతుకెయ్యాలి, మళ్లీ అంటించి ఆరబెట్టాలి. ఫ్రాన్స్‌లోని క్లెర్మోన్–ఫెరాన్‌లో మిషెలిన్ సోదరుల రబ్బరు కర్మాగారానికి ఒక సైక్లిస్టు అలాంటి టైరు పట్టుకొచ్చాడని ఆ కంపెనీ కథ. పనికి మూడు గంటలు, జిగురు ఆరడానికి రాత్రంతా పట్టింది. తెల్లారి ఎదువార్ మిషెలిన్ ఆ సైకిలెక్కి కాస్త దూరం వెళ్లేలోపే మళ్లీ గాలి పోయింది. గాలి మీద ప్రయాణం అతనికి తెగ నచ్చింది, నచ్చనిదల్లా ఆ అంటింపు ఒక్కటే.

1891లో ఆ సోదరులు పదిహేను నిమిషాల్లో విప్పి మార్చగల టైరు తెచ్చారు. అదే సెప్టెంబరులో షార్ల్ తెరోఁ ఆ టైర్లతో సుమారు 1,200 కిలోమీటర్ల పారిస్–బ్రెస్ట్–పారిస్ రేసును 71 గంటల 22 నిమిషాల్లో గెలిచాడు. మరుసటేడు మిషెలిన్ వాళ్లే పారిస్ నుంచి క్లెర్మోన్‌కు రేసు పెట్టి, దారిలో మేకులు చల్లించారు! తమ టైరు ఎంత తొందరగా బాగవుతుందో లోకానికి చూపించాలి కదా. సరిగ్గా 120 ఏళ్ల తర్వాత, 2012 టూర్ ద ఫ్రాన్స్‌లో, ఎవరో ఆకతాయిలు పెగ్యేర్ కొండ మీద అలాగే మేకులు చల్లారు. పదుల సంఖ్యలో టైర్లు దిగిపోయాయి. పసుపు జెర్సీలో, అంటే మొత్తం రేసులో ముందంజలో ఉన్న బ్రాడ్లీ విగిన్స్ గుంపు వేగం తగ్గించి, వెనకబడ్డవాళ్లు వచ్చి కలిసేదాకా ఆగాడు.

మిషెలిన్ విప్పదీసే టైరు వచ్చాక కూడా రేసు రైడర్లు మళ్లీ అంటించే టైరుకే వెళ్లారు. దాదాపు వందేళ్లు దాన్ని వదల్లేదు. ఆ టైరు పేరు ట్యూబులర్. ట్యూబు చుట్టూ గుడ్డ పొరను కుట్టేసి, మొత్తాన్ని రిమ్ముకు అతికిస్తారు. టైరును పట్టి ఉంచే అంచులు రిమ్ముకు అక్కర్లేదు కాబట్టి చక్రం తేలిక. పైగా గాలి మొత్తం పోయినా టైరు రిమ్మును వదలదు, వెనక వస్తున్న జట్టు కారు అందేదాకా నెమ్మదిగా తొక్కుకుంటూ పోవచ్చు. బాగుచేయడం మాత్రం దర్జీ పనే. అడుగు పట్టీ లాగి, కుట్లు విప్పి, ట్యూబు బయటికి తీసి, అతుకేసి, మళ్లీ సూదీదారం పట్టాలి. రోడ్డు పక్కన అయ్యే పని కాదది. అందుకే పాత టూర్ ఫొటోల్లో రైడర్ల భుజాల మీదుగా ఎనిమిది అంకె ఆకారంలో స్పేర్ టైర్లు కనిపిస్తాయి. పాతది పీకి, రిమ్ము మీద మిగిలిన జిగురు మీదే కొత్తది ఎక్కించి, మలుపుల్లో జాగ్రత్తగా పోయేవారు. టూర్ తొలి దశాబ్దాల్లో నిర్వాహకుడు ఆంరీ దెగ్రాంజ్ నియమాలు మరీ కఠినం. ఎవరి సైకిల్ వాళ్లే బాగుచేసుకోవాలి.

క్విక్ రిలీజ్ మీట వచ్చాక చక్రం ఊడదీయడానికి పానా అవసరం లేకపోయింది. జట్టు కార్లు చక్రాలు మోసుకురావడం మొదలయ్యాక రైడర్ చేతికి జిగురు అంటించుకునే అవసరమూ పోయింది. 1973లో పారిస్–నీస్ రేసులో మావిక్ అనే చక్రాల కంపెనీ పసుపు కార్లు ఏ జట్టువాడికైనా చక్రం ఇచ్చే సేవ మొదలుపెట్టాయి. ఇంత చేసినా జిగురు బలహీనత జిగురుకు ఉండనే ఉంది. వేడికి మెత్తబడుతుంది. కొండ దిగేటప్పుడు బ్రేకులు రిమ్మును వేడెక్కిస్తాయి. 2003 టూర్‌లో గాప్ పట్టణానికి దిగే వాలులో, ఎండకు తారు కరిగిన రోడ్డు మీద, జోసెబా బెలోకి వెనక చక్రం పట్టేసి టైరు రిమ్ము నుంచి ఊడొచ్చింది. తొడ ఎముక విరిగింది.

ఇంట్లో రేసు సైకిల్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఉండేది మిషెలిన్ బాటలో వచ్చిన విప్పదీసే టైరే. ఇక్కడ అతుకు రసాయనం మన వీధి చివరి పంక్చర్ షాపులో జరిగేదే. గరుకు కాగితంతో రుద్దడమెందుకంటే, ట్యూబు పైన పాతబడిన పొర, అచ్చులోంచి వచ్చిన జిడ్డు పోవాలి. సొల్యూషన్ పూసి ఆరనివ్వాలి. చాలామంది తొందరపడేది ఇక్కడే. అందులోని ద్రావకం ఎగిరిపోకముందే ప్యాచ్ వేస్తే అది లోపల చిక్కుకుని అతుకును వదులు చేస్తుంది. తడి పోయి, వేలికి కాస్త బంకగా తగిలేదాకా నాలుగైదు నిమిషాలు ఆగాలి. అప్పుడు ప్యాచ్ అడుగున ఉన్న పచ్చి రబ్బరుకూ ట్యూబుకూ మధ్య, వేడి పెట్టకుండానే, గంధకపు బంధాలు పడతాయి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ పొయ్యి వేడితో సాధించిన వల్కనీకరణమే ఇది.

చిల్లు ఆకారం కూడా చూడాలి. పక్కపక్కన రెండు చీలికలుంటే ముల్లు కోసం వెతకనక్కర్లేదు. గాలి తక్కువై, గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ము అంచుల మధ్య నలిగిందన్నమాట. రైడర్లు దీన్ని పాముకాటు అంటారు. చిల్లు ఒకటే అయితే నేరస్థుడు టైరులోనే దాక్కుని ఉండొచ్చు, తియ్యకపోతే కొత్త ట్యూబూ దిగిపోతుంది. టైరు మీది కంపెనీ పేరును ఎప్పుడూ వాల్వు దగ్గరే ఉండేలా ఎక్కించేవారికి ఇది సులువు. ట్యూబులో చిల్లు వాల్వు నుంచి ఎంత దూరమో కొలిస్తే టైరులో ఎక్కడ తడమాలో తెలిసిపోతుంది. వానరోజున పంక్చర్లు ఎక్కువ, ఎందుకంటే తడి రబ్బరును గాజుపెంకు సులువుగా కోస్తుంది.

టైరు ఎక్కించేటప్పుడు చివరి జానెడు ఎక్కక చేతులు నొప్పెట్టడం అందరికీ తెలిసిందే. కావలసింది బలం కాదు, కాస్త లెక్క. టైరు అంచు కూర్చునే చోట రిమ్ము వ్యాసం 622 మిల్లీమీటర్లు. నట్టనడుమ చుట్టూ ఉన్న గాడి దగ్గర అంతకన్నా కొన్ని మిల్లీమీటర్లు తక్కువ. టైరు అంచులోని పోగు సాగదు. కానీ మిగతా చుట్టంతా అంచును ఆ గాడిలోకి నొక్కితే, ఆ కొద్ది మిల్లీమీటర్ల వదులు ఎదురువైపుకు చేరుతుంది. వాల్వు దగ్గర ట్యూబు మందంగా ఉండి అంచును గాడిలోకి దిగనివ్వదు. అందుకే వాల్వు వైపు ఆఖర్న ఎక్కించాలి. ట్యూబులో ముందే కొంచెం గాలి కొడితే మడత పడి నలగదు.

ఇప్పటి పెద్ద రేసుల్లో రాజ్యం ట్యూబ్‌లెస్‌దే. లోపల పోసే పాలలాంటి ద్రవం నీళ్లలో తేలే లేటెక్స్ కణాలు. చాలా రకాల్లో కలిపే అమ్మోనియా ఆ కణాలను ఒకదానికొకటి అంటుకోకుండా ఉంచుతుంది. చిల్లు పడగానే గాలి ఆ ద్రవాన్ని బయటికి తోస్తుంది. కణాలు గడ్డకట్టి, కలిపి ఉంచిన సన్నని పీచుతో కలిసి రంధ్రాన్ని మూసేస్తాయి. చక్రం తిరుగుతుండగానే బాగైపోతుంది కాబట్టి రైడర్‌కు ఒక్కోసారి పంక్చరైన సంగతే తెలియదు. పెద్ద కోతకు ఇది చాలదు. అప్పుడు రబ్బరు ప్లగ్ గుచ్చాలి. అదీ ఆగకపోతే లోపల ట్యూబు వేయక తప్పదు, చేతులకు ఆ జిగట పట్టకా తప్పదు.

గాలికి చాలామంది చిన్న కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ వాడతారు. అందులోని 16 గ్రాములు గది వేడిమిలో దాదాపు 9 లీటర్ల వాయువవుతుంది. 25 మిల్లీమీటర్ల టైరు లోపల పట్టేది ఇంచుమించు ఒక లీటరు. కాబట్టి క్షణాల్లో ఒత్తిడి 100 పీఎస్‌ఐ దాటేస్తుంది. వాయువు వ్యాకోచిస్తూ సిలిండర్‌ను గడ్డకట్టేంత చల్లబరుస్తుంది, గుడ్డ లేకుండా పట్టుకుంటే వేళ్లు మండుతాయి. ఈ వాయువు రబ్బరులో సులువుగా కరిగి మామూలు గాలి కన్నా తొందరగా బయటికి పోతుంది. ఇంటికి చేరాక దాన్ని వదిలేసి పంపుతో గాలి కొట్టుకోకపోతే, మర్నాడు పొద్దున టైరు మెత్తబడి ఉంటుంది.