ట్రంకాల్ టికెట్టు చెప్పే సంగతులు

ప్రియమైన పిల్లలకు,

పండక్కి వచ్చినప్పుడు మీలో ఒకరు అడిగారు, "అమ్మమ్మా, వాట్సాప్‌లో మేం రాసుకునేది ఆ కంపెనీవాళ్లు కూడా చదవలేరట, మరి నీకెందుకంత బెంగ?" అని. ఆ సందట్లో సగం జవాబే చెప్పాను. మిగతాది ఇలా రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, కాస్త ఓపిక పట్టండి.

మీరన్నది నిజమే. 2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్ మెసేజ్‌కి పంపినవాళ్ల ఫోన్లోనే తాళం పడుతోంది, అందుకున్నవాళ్ల ఫోన్లోనే అది తెరుచుకుంటోంది. మధ్యలో ఎవరి చేతికి చిక్కినా చదవలేరు. చాలా మంచి ఏర్పాటు అది. దాన్ని తీసేయమని ఏ ప్రభుత్వం అడిగినా నేను ఒప్పుకోను. కానీ ఒక మనిషి గురించి తెలుసుకోవాలంటే ఆ మనిషి మాటలు వినక్కర్లేదు. ఈ సంగతి నాకు ఉద్యోగంలో తెలిసింది.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ట్రంక్ బోర్డు మీద, అంటే ఊరికీ ఊరికీ కాల్స్ కలిపే చోట, పనిచేశానని మీకు తెలుసు. అన్ని ఊళ్లకీ ఎస్‌టీడీ, అంటే మనమే నంబరు తిప్పి వేరే ఊరికి నేరుగా మాట్లాడే వీలు, రాని రోజులవి. పొరుగూరికి మాట్లాడాలన్నా మాకు ఫోన్ చేసి కాల్ బుక్ చేసుకోవాలి. ప్రతి కాల్‌కీ మేమొక టికెట్టు రాయాలి. చిన్న కాగితం. ఏ నంబరు నుంచి, ఏ ఊళ్లో ఏ నంబరుకి, ఆర్డినరీయా, అర్జెంటా, అన్నిటికంటే ముందు కలిపే లైట్నింగా, ఫలానా మనిషే లైన్లోకి రావాలా, ఎన్నింటికి కలిసింది, ఎన్నింటికి అయిపోయింది. అంతే. మాట్లాడిందేమిటో అందులో ఉండదు. పొరపాటున చెవిన పడిన మాట బయటపెడితే శిక్ష పడేది, 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోనే ఆ సెక్షన్ ఉండేది. పైగా బోర్డు నిండా దీపాలు వెలుగుతుంటే కూర్చుని వినే తీరికెక్కడిది?

అయినా టికెట్లే చెప్పేసేవి. ఒక ఇంటి నుంచి రాత్రి పదకొండు దాటాక విశాఖపట్నంలో ఆసుపత్రికి లైట్నింగ్ కాల్. తెల్లవారుజామున అదే ఇంటి నుంచి వరసగా ఆరేడు ఊళ్లకి కాల్స్, ఏదీ మూడు నిమిషాలు దాటదు. ఆ ఇంట్లో ఏం జరిగిందో మాకు ఒక్క ముక్క వినకుండానే తెలిసిపోయేది. వ్యాపారి ఒకాయన ఉన్నట్టుండి మద్రాసుకి అర్జెంట్ కాల్స్ పెంచితే సరుకు ధర కదులుతోందన్న మాట. ఎప్పుడూ లేని ఊరికి వారం వారం కాల్ వెళ్తుంటే ఆ ఇంట్లో సంబంధం చూస్తున్నారన్న మాట.

షిఫ్టు అయ్యాక టికెట్లన్నీ కట్టగట్టి బిల్లులు వేసే సెక్షన్‌కి పంపేవాళ్లం. బిల్లు కట్టడం, తగాదాలుంటే తేలడం అయ్యాక వాటి పని తీరిపోయేది. ఒక ఇంటి టికెట్లన్నీ పదేళ్లవి ఏరి, వరసలో పెట్టి, ఆ కుటుంబం చరిత్ర చదవాలంటే ఎవరికీ సాధ్యమయ్యేది కాదు. చేతులూ చాలవు, కాలమూ చాలదు.

ఇప్పుడా పని యంత్రం చేస్తుంది, అలసట లేకుండా. మీ ఫోను జేబులో ఊరికే ఉన్నా దగ్గర్లోని టవర్‌కి తన ఉనికి చెబుతూనే ఉంటుంది. కాల్ చేసినా, మెసేజ్ పంపినా, నెట్ తెరిచినా ఎక్కడో ఒక టికెట్టు పడుతుంది. మెసేజ్‌కి తాళం ఉంది, టికెట్టుకి లేదు. ఎవరికి పంపారు, ఎప్పుడు, ఎన్నిసార్లు, ఏ గ్రూపుల్లో ఉన్నారు అన్నవి ఆ తాళం లోపలికి రావు.

జర్మనీలో మాల్టె స్పిట్జ్ అని గ్రీన్ పార్టీ నాయకుడున్నాడు. తన గురించి తన ఫోన్ కంపెనీ ఏం దాచిపెట్టిందో చూపించమని కోర్టుకెక్కి, ఆరు నెలల రికార్డు సంపాదించాడు. 35,830 వరసలు! అందులో ఆయన మాట్లాడిన మాట ఒక్కటి కూడా లేదు. 2011లో ఒక పత్రికతో కలిసి దాన్నంతా మ్యాపు మీద పెట్టించాడు. ఎప్పుడు లేచాడు, ఏ రైల్లో వెళ్లాడు, ఏ వీధిలో ఎంతసేపున్నాడు, ఎక్కడ పడుకున్నాడు, మొత్తం చుక్కలుగా కదులుతూ కనపడింది. ఆయన నేరం చేసినవాడు కాదు, అనుమానితుడూ కాదు. అందరికీ రాసినట్టే ఆయనకీ రాశారు.

రెండేళ్లకి, 2013 జూన్‌లో, అమెరికా నిఘా సంస్థ కోసం పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన కాగితాల్లో మొదట అచ్చయిందే ఇలాంటి సంగతి. వెరిజాన్ అనే అమెరికా ఫోన్ కంపెనీ తన ఖాతాదారుల కాల్స్ వివరాలన్నీ రోజూ ఆ నిఘా సంస్థకి అప్పజెప్పాలని ఒక రహస్య కోర్టు ఉత్తర్వు. మేం ఎవరి మాటలూ వినడం లేదు కదా అని అక్కడి ప్రభుత్వం సమర్థించుకుంది. వినడం లేదన్న మాట నిజమే కావచ్చు. టికెట్లు చేతిలో ఉన్నవాళ్లకి వినాల్సిన పనేముంది? జనం ఊరుకోలేదు, అలా గంపగుత్తగా తీసుకోవడాన్ని 2015లో చట్టం చేసి ఆపించారు.

మన దేశంలోనూ ఫోన్ కంపెనీలు కాల్ రికార్డులు కనీసం ఏడాది దాచాలని నియమం ఉండేది. 2021 డిసెంబరులో దాన్ని రెండేళ్లకి పెంచారు.

ఇక కంపెనీల సంగతి. ఇక్కడ టికెట్టు బిల్లు కోసం కాదు, మీకసలు బిల్లే రాదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ మెటా అనే ఒకే కంపెనీవి. 2023లో దాని రాబడి దాదాపు 13,490 కోట్ల డాలర్లు. అందులో ప్రతి వందలో 97కి పైగా ప్రకటనల నుంచి వచ్చిందే. ఏ ప్రకటన ఎవరికి, ఏ వేళప్పుడు చూపిస్తే పని జరుగుతుందో ఊహించడమే దాని వ్యాపారం, ఆ ఊహకి ముడిసరుకు మీ టికెట్లు. ఒక రీల్ మీద ఎన్ని సెకన్లు ఆగారు, దేన్ని సగంలో తోసేశారు, రాత్రి ఎంతవరకు మెలకువగా ఉన్నారు, ఇవన్నీ రాస్తారు. రాసి, మిమ్మల్ని ఇంకాసేపు ఆపేది ఏదో దాన్నే తెచ్చి ముందు పెడతారు. చదువుకునే వేళ చెయ్యి ఫోన్ మీదకి పోతోందని మిమ్మల్ని మీరు తిట్టుకుంటుంటారే, అది పూర్తిగా మీ బలహీనత కాదు. అటుపక్క వేలమంది ఇంజనీర్లు మీ చెయ్యి అటు పోవడానికే పనిచేస్తున్నారు.

వాట్సాప్ కథ కొంచెం వివరంగా చెప్పాలి. 2014లో దాన్ని ఫేస్‌బుక్ 1,900 కోట్ల డాలర్లకి కొంటున్నప్పుడు, రెండు చోట్లా ఉన్న ఖాతాలను ఆటోమేటిగ్గా నమ్మకంగా జతచేయడం తమకి సాధ్యం కాదని ఐరోపా యూనియన్ అధికారులతో చెప్పింది. 2016లో జతచేయడం మొదలుపెట్టింది. ఆ సాంకేతిక వీలు 2014లోనే ఉందని తేల్చి, తప్పుదోవ పట్టించినందుకు 2017లో 11 కోట్ల యూరోల జరిమానా వేశారు. 2021 జనవరిలో మనకందరికీ ఒక నోటీసు వచ్చింది, మన వివరాలు ఫేస్‌బుక్‌తో పంచుకునే కొత్త షరతులు ఒప్పుకోమని. ఒప్పుకోకపోతే మానుకోవాల్సిందే అన్నట్టుగా ఉంది దాని ధోరణి. అలా గీత గీయడం ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేయడమేనని మన కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో 213 కోట్ల రూపాయల జరిమానా వేసింది, కంపెనీ అప్పీలుకి వెళ్లింది.

నిజంగా మానుకోగలమా? మీ స్కూలు గ్రూపు అందులోనే, ట్యూషన్ మాస్టారు అందులోనే, ఆసుపత్రి రిపోర్టు అందులోనే, డాలస్‌లో ఉన్న మీ పెదనాన్న రోజూ కనపడేదీ అందులోనే. అందరూ ఒకేచోట చేరాక అందులోంచి బయటికి రావడమంటే ఊరొదిలి పోవడమే. కంపెనీకి అసలు బలం అక్కడుంది. దాని దగ్గరున్న యంత్రాల కంటే, మనకి మరో దారి లేకపోవడం దానికి పెద్ద ఆస్తి.

టార్చి లైటు యాప్ సంగతి కూడా వినండి. కోట్లసార్లు డౌన్‌లోడ్ అయిన ఒక అమెరికా టార్చి యాప్, ఫోన్ ఎక్కడుందో ప్రకటనల కంపెనీలకి పంపుతోందని 2013లో అక్కడి వాణిజ్య కమిషన్ కేసు పెట్టింది. షరతులు ఒప్పుకుంటున్నానని నొక్కకముందే వివరాలు పోతున్నాయట. వెలుతురు ఇవ్వడానికి మీ ఇల్లెక్కడో దానికెందుకు?

దానికంటే నన్ను ఎక్కువ కలచివేసింది మన ఊళ్లలోనే జరిగింది. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల గొడవ బయటపడింది. కరోనాలో పనులు పోయి ఐదువేలకీ పదివేలకీ చూస్తున్నవాళ్లకి నిమిషాల్లో అప్పు. యాప్ పెట్టుకునేటప్పుడు కాంటాక్ట్స్, ఫోటోలు చూడటానికి అనుమతి అడుగుతుంది, అవసరంలో ఉన్నవాళ్లు నొక్కేస్తారు. వాయిదా ఒక్కరోజు దాటితే ఫోన్లో ఉన్న ప్రతి నంబరుకీ మెసేజ్. మేనమామకి, ఆఫీసులో పెద్దాయనకి, ఎప్పుడో సేవ్ చేసుకున్న గ్యాస్ డెలివరీ అబ్బాయికి. ఫలానా మనిషి దొంగ అని, ఫోటో మార్ఫ్ చేసి. ఆ అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. పోలీసులు కేసులు పెట్టి చాలామందిని పట్టుకున్నారు. అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్ట్స్, కాల్ లాగ్‌లు, ఫోటోల జోలికి పోకూడదని 2022 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు మార్గదర్శకాలిచ్చింది. అప్పటికే కొన్ని ఇళ్లలో దీపం ఆరిపోయింది. కాంటాక్ట్స్‌కి అనుమతి ఇస్తున్నప్పుడు మీరు ఇచ్చేది మీ సొత్తు కాదు. నా నంబరు ఇస్తున్నారు, మీ టీచర్ది ఇస్తున్నారు. మమ్మల్ని ఎవరూ అడగలేదు.

"తప్పు చేయనివాళ్లకి భయమెందుకు" అని మీ మావయ్య అంటుంటాడు. దానికి జవాబు మన రాజమండ్రిలో పుట్టిన ఒకాయన 1962లోనే చెప్పాడు, ఆయన పేరు కోకా సుబ్బారావు. ఆంధ్ర హైకోర్టుకి మొదటి ప్రధాన న్యాయమూర్తి, తరవాత దేశానికీ అయ్యారు. ఖరక్ సింగ్ అనే ఉత్తరప్రదేశ్ మనిషిని ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేసినా అతని మీద నిఘా పెట్టారు. అర్ధరాత్రి తలుపు కొట్టడం, ఎటు వెళ్తే అటు కన్నేసి ఉంచడం. సుప్రీంకోర్టులో ఎక్కువమంది న్యాయమూర్తులు రాత్రి తలుపు కొట్టడం మాత్రమే తప్పన్నారు, గోప్యత అన్నది రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నారు. సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. పోలీసు కళ్లు వెన్నంటి ఉంటే అతని తిరుగుడు స్వేచ్ఛగా తిరగడం ఎలా అవుతుంది, అతనికి దేశమంతా జైలే కదా అని విడిగా తీర్పు రాశారు.

ఆ మాట యాభై అయిదేళ్లు పుస్తకాల్లో ఉండిపోయింది. ఎనభై దాటిన వయసులో కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి ఆధార్ మీద 2012లో కోర్టుకెళ్లారు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. సుబ్బారావు గారి మాటే సరైనదని నిలబెట్టారు.

హక్కు కాగితం మీదకి వచ్చాక పని అయిపోదు. ఫోన్ వినాలంటే హోం కార్యదర్శి ఉత్తర్వు ఉండాలని, దాన్ని కమిటీ సమీక్షించాలని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. 2024లో హైదరాబాదులో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసులో రాజకీయ నాయకుల ఫోన్లు అక్రమంగా విన్నారన్న ఆరోపణ మీద పోలీసు అధికారులనే అరెస్టు చేశారు. నిజం తేల్చాల్సింది కోర్టులు. నాకు మాత్రం, నోరు కట్టుకుని ట్రంక్ బోర్డు ముందు కూర్చున్న రోజులు గుర్తొచ్చి చాలా బాధ కలిగింది.

మీ వయసువాళ్ల కోసం ఒక మంచి నియమం ఉంది. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి, పిల్లల్ని వెంటాడి గమనించడం, వాళ్లకి గురిపెట్టి ప్రకటనలు చూపించడం కుదరదు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీలు పూర్తిగా సర్దుకోవడానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. ప్రభుత్వ సంస్థలకి మినహాయింపు ఇచ్చుకునే తలుపు అదే చట్టంలో తెరిచి ఉంచడం నాకు నచ్చలేదు. పెద్దయ్యాక మీరు దాని గురించి గట్టిగా అడగాలి.

ఇప్పుడు చేయగలిగింది చెబుతాను. ఈ ఆదివారం ఫోన్ సెట్టింగ్స్‌లో పర్మిషన్స్ తెరవండి. లొకేషన్ ఏయే యాప్‌లకి ఉందో, కాంటాక్ట్స్, మైకు దేనికున్నాయో చూడండి. దాని పనికి అక్కర్లేనిది తీసేయండి. మ్యాపుకి లొకేషన్ కావాలి, "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అని పెడితే చాలు. క్యాలిక్యులేటర్‌కి అక్కర్లేదు. అమ్మ ఫోను, నాన్న ఫోను కూడా చూసిపెట్టండి, వాళ్లకి తీరిక ఉండదు. స్కూల్లో కొత్త యాప్ ఏదైనా పెట్టుకోమంటే టీచర్ని మర్యాదగా అడగండి, ఇది మా వివరాలు ఏమేం తీసుకుంటుంది, మేం స్కూలు మారాక చెరిపేస్తారా అని. టీచర్‌కి తెలియకపోవచ్చు, ఆవిడ ప్రిన్సిపాల్‌ని అడుగుతారు, ప్రిన్సిపాల్ కంపెనీని అడుగుతారు. అలా పైదాకా వెళ్లనివ్వండి.

అనుమతి ఎందుకు అడుగుతోందో మీకు అర్థం కాని యాప్‌లు కనపడితే వాటి పేర్లు రాసి పంపండి. మెసేజ్ పెట్టినా సరే, ఉత్తరం రాస్తే ఇంకా సంతోషం.

ప్రేమతో,
మీ అమ్మమ్మ