విలుకాడు దండగేనా? ఫైర్ ఎంబ్లెమ్‌లో విల్లుపై అపోహలు - వాస్తవాలు

గడుల మ్యాప్ మీద వంతులవారీగా సైన్యాన్ని నడిపే వీడియో గేమ్ సిరీస్ ఫైర్ ఎంబ్లెమ్. దాన్ని కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ఆటలో ఇరుక్కుపోయినప్పుడు వాళ్ళ సేవ్ చూసి ఎక్కడ తేడా కొట్టిందో చెప్పడం నాకు అలవాటు. చాలా ఏళ్ళుగా చేస్తున్న పని ఇది. అలా చూసిన సేవ్‌లలో మళ్ళీ మళ్ళీ కనిపించేది ఒక్కటే: కత్తివాళ్ళు, గుర్రాలవాళ్ళు లెవెల్ 15 దాటిపోయి ఉంటారు, విలుకాడు మాత్రం చేరిన రోజు ఏ లెవెల్‌లో ఉన్నాడో ఇంకా అక్కడే ఉంటాడు. ఎందుకని అడిగితే "ఆర్చర్లు వేస్ట్ కదా" అంటారు. ఎవరు చెప్పారంటే సమాధానం ఉండదు.

1990లో ఫామికామ్ (నింటెండో పాత గేమ్ మెషీన్) మీద వచ్చిన మొదటి గేమ్‌లోని విలుకాడు గోర్డిన్ దగ్గర్నుంచి 2023లో వచ్చిన ఎంగేజ్ దాకా విల్లు లేని గేమ్ లేదు. కానీ విల్లు రూల్ మాత్రం గేమ్ గేమ్‌కీ మారుతూనే ఉంది. ఒక గేమ్‌లో నేర్చుకున్నది ఇంకో గేమ్‌కి అంటగట్టడం వల్లే ఈ అపోహల్లో చాలావరకు పుట్టాయి.

అపోహ: ఎదురుదెబ్బ కొట్టలేడు కాబట్టి ఆర్చర్ పనికిరాడు.

ఇందులో మొదటి సగం చాలా గేమ్‌లలో నిజమే. మామూలు విల్లు రేంజ్ 2. అంటే ఒక గడి వదిలి అవతలి గడిలో ఉన్నవాడినే కొట్టగలదు. గొడ్డలివాడు వచ్చి పక్క గడిలో నిలబడితే విలుకాడు దెబ్బ తినడమే తప్ప తిరిగి ఒక్క బాణం కూడా వేయలేడు. ఈ సిరీస్‌లోని సేక్రెడ్ స్టోన్స్ గేమ్‌లో నీమీ అనే విలుకత్తెను మొదటిసారి ఒక ఇరుకు దారి మొగలో నిలబెట్టి, "రానీ చూద్దాం" అనుకున్న మహానుభావుణ్ణి నేనే. ముగ్గురొచ్చారు. ముగ్గురికీ నీమీ నుంచి జవాబే లేదు.

తప్పు విల్లుది కాదు, నేను నిలబెట్టిన చోటుది. ఈ ఆటలో ఒక్కో టర్న్‌కి రెండు భాగాలుంటాయి: మన వంతు, శత్రువు వంతు. శత్రువు వంతులో కూడా జవాబిస్తూ నలుగురిని పడగొట్టేవాళ్ళు మనకి గొప్పగా కనిపిస్తారు. విలుకాడి పని మన వంతులో. కత్తి, బల్లెం, గొడ్డలి పట్టుకున్నవాడిని రెండు గడుల దూరం నుంచి కొడితే వాడు తిరిగి కొట్టలేడు. ఆ బాణానికి మనం చెల్లించే ధర సున్నా. అదే పని మన కత్తివాడితో చేయిస్తే, శత్రువు చావని ప్రతిసారీ మనవాడి HP (ప్రాణం) కొంత పోతుంది. చేతిలో జావెలిన్, హ్యాండ్ యాక్స్ లాంటి విసిరే ఆయుధాలు ఉన్నవాళ్ళు, మంత్రగాళ్ళు మాత్రం రెండు గడుల నుంచీ జవాబిస్తారు. అందుకే బాణం వేసే ముందు అవతలివాడి చేతిలో ఏముందో చూసుకోవాలి. దీనికి పట్టేది రెండు సెకన్లు. చూడకపోతే చాప్టర్ మళ్ళీ మొదటి నుంచి.

ఇంకో సంగతి. ఈజీ, నార్మల్ మోడ్‌లలో మన హీరో ఒక్కడే శత్రువుల గుంపులోకి దూరి బతికి బయటపడతాడు కాబట్టి అక్కడ విల్లు చిన్నబోతుంది. త్రీ హౌసెస్ గేమ్‌లో అన్నిటికన్నా కష్టమైన మాడెనింగ్ మోడ్ పెట్టి చూడండి. శత్రువుల వేగం, బలం ఎంతగా పెరుగుతాయంటే ఎదురుగా నిలబడి రెండు దెబ్బలు కాచుకోగలిగినవాళ్ళు దొరకడమే కష్టం. అక్కడ "తిరిగి కొట్టగలడా?" అన్న ప్రశ్న పక్కకి పోయి "దెబ్బ తినకుండా కొట్టగలడా?" అన్నది ముందుకొస్తుంది. స్నైపర్ క్లాస్‌ను (ఆర్చర్‌కి పై మెట్టు) మాస్టర్ చేస్తే వచ్చే హంటర్స్ వాలీ అనే దెబ్బ వరసగా రెండు బాణాలు వేస్తుంది. అవతలివాడి వేగంతో పనిలేదు. నార్మల్‌లో బెంచ్ మీదున్న స్నైపర్ మాడెనింగ్‌లో టీమ్‌ని మోస్తాడు.

పక్క గడి రూల్ కూడా అన్ని గేమ్‌లలో ఒకటి కాదు. 1992 నాటి గైడెన్‌లో, దాని రీమేక్‌గా 2017లో వచ్చిన ఎకోస్‌లో విలుకాళ్ళు పక్క గడిలో ఉన్నవాడినీ కొట్టగలరు. రేడియంట్ డాన్‌లోని క్రాస్‌బోలు 1-2 రేంజ్. సేక్రెడ్ స్టోన్స్‌లో విల్లుతోపాటు రేంజర్ దగ్గర కత్తి, వారియర్ దగ్గర గొడ్డలి ఎలాగూ ఉంటాయి.

అపోహ: ఎగిరేవాళ్ళ మీద బాణం పడితే డ్యామేజ్ మూడింతలు.

ఇది నమ్మి అనవసరంగా భయపడేవాళ్ళు కొందరు, దీన్ని సరిగా అర్థం చేసుకోక పెగాసస్‌లను (రెక్కల గుర్రం మీది యోధులను) పోగొట్టుకునేవాళ్ళు కొందరు. మూడింతలయ్యేది మొత్తం డ్యామేజ్ కాదు, విల్లు మైట్ (ఆయుధం సొంత బలం) మాత్రమే.

సేక్రెడ్ స్టోన్స్‌లో ఐరన్ బో మైట్ 6. శత్రు ఆర్చర్ బలం 5 అనుకోండి. ఎదురుగా HP 17, డిఫెన్స్ 6 ఉన్న పెగాసస్ నైట్ ఉంది. కాలినడకవాళ్ళకైతే 6 + 5 - 6, అంటే 5 డ్యామేజ్. పెగాసస్‌కి మైట్ 18 అవుతుంది: 18 + 5 - 6 = 17. సరిగ్గా ప్రాణం పోయేంత. ఆర్చర్ బలాన్ని కూడా కలిపి మూడింతలు చేసేవాడికి 33 - 6, అంటే 27 వస్తుంది, "ఎలాగూ బతకదు" అని దాన్ని మ్యాప్ మూలకి తోసేస్తాడు. అదే పెగాసస్ ఇంకొంచెం పెరిగి HP 28, డిఫెన్స్ 8 అయ్యాక ఆ ఆర్చర్ బాణం తీసేది 15 మాత్రమే. ఒక్క బాణం తట్టుకుని, ఆ ఆర్చర్ పక్కకే ఎగిరి వాడిని చంపి రావచ్చు. రెండో ఆర్చర్ కూడా ఉంటే మాత్రం పెగాసస్‌ను వెనక్కి పిలవడమే.

అందుకే ఆర్చర్ కనిపించగానే ముందు చూడాల్సింది వాడి చేతిలోని విల్లు. ఐరన్ స్థానంలో మైట్ 9 ఉన్న స్టీల్ బో ఉంటే అదే ఆర్చర్ దెబ్బకి 9 అదనంగా పడుతుంది. ఇంకోటి: ఈ మూడింతల లెక్క కూడా అన్ని గేమ్‌లకీ వర్తించదు, కొన్నిటిలో రెండింతలే. ఆట తెరమీద చూపించే అంచనాను నమ్మండి, పాత గేమ్ జ్ఞాపకాన్ని కాదు.

అపోహ: స్టీల్ బో దొరికాక ఐరన్ బో అమ్మేయొచ్చు.

దీని మీద నాకు కొంచెం పట్టుదల ఎక్కువ, ఓపిక పట్టండి.

2003లో వచ్చిన బ్లేజింగ్ బ్లేడ్‌లో రెబెకా అనే విలుకత్తె సంగతి తీసుకుందాం. ఆమె కాన్స్టిట్యూషన్ (ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) 5. ఐరన్ బో బరువు కూడా 5, కాబట్టి వేగం ఏమీ తగ్గదు. స్టీల్ బో బరువు 9. తేడా 4, అది నేరుగా ఆమె వేగంలోంచి పోతుంది. ఆ గేమ్‌లో ఒకరిని రెండుసార్లు కొట్టాలంటే వాళ్ళకన్నా వేగం కనీసం 4 ఎక్కువ ఉండాలి. అంటే స్టీల్ బో పట్టగానే ఆమె పోగొట్టుకునేది సరిగ్గా ఒక రెండో బాణం విలువ.

లెక్క చూడండి. రెబెకా బలం 7, వేగం 10. ఎదురుగా వేగం 6, డిఫెన్స్ 4 ఉన్న గొడ్డలివాడు. ఐరన్ బోతో ఒక్కో బాణం 9, రెండు బాణాలు, మొత్తం 18. స్టీల్ బోతో ఒక్క బాణం, 12. పైగా ఐరన్ హిట్ (బాణం తగిలే అవకాశాన్ని పెంచే అంకె) 85, స్టీల్ హిట్ 70. ఖరీదు ఎక్కువ పెట్టి, తక్కువ కొట్టే విల్లు కొనుక్కున్నట్టు. ఎంతకీ డబుల్ చేయలేని వేగవంతుడైన శత్రువు మీదో, ఒక్క దెబ్బకి పడగొట్టాల్సిన పెగాసస్ మీదో స్టీల్ తీయండి. మిగతా సమయమంతా ఐరన్ చాలు. ఆర్చర్ సంచిలో రెండూ ఉండాలి.

హిట్ గురించి ఒక మాట. 2002 నాటి బైండింగ్ బ్లేడ్ నుంచి గేమ్‌బాయ్ అడ్వాన్స్ (నింటెండో చేతిలో పట్టే గేమ్ మెషీన్) గేమ్‌లలో తెరమీద 70 అని కనిపిస్తే అసలు తగిలే అవకాశం సుమారు 82 శాతం. ఆట యాదృచ్ఛికంగా రెండు అంకెలు తీసి వాటి సగటుతో పోల్చుతుంది కాబట్టి 50 దాటినవి కనిపించేదానికన్నా బాగా తగులుతాయి, 50కి లోపువి ఇంకా తక్కువ తగులుతాయి. "నాకే ఎప్పుడూ మిస్ అవుతుంది" అన్న బాధకి మాత్రం ఈ లెక్కలో మందు లేదు.

అపోహ: కత్తి, బల్లెం, గొడ్డలి త్రికోణానికి విల్లు ఎప్పుడూ బయటే.

కత్తి గొడ్డలి మీద, గొడ్డలి బల్లెం మీద, బల్లెం కత్తి మీద పైచేయి కావడమే ఈ త్రికోణం. పాత గేమ్‌లలో విల్లు దీనికి బయటే, అవును. 2015లో వచ్చిన ఫేట్స్‌లో కాదు. అక్కడ విల్లు గొడ్డలితో ఒకే జట్టు. బల్లెం మీద, చాటు ఆయుధాల (చాకులు, షురికెన్‌లు) మీద పైచేయి. కత్తికి, మంత్రానికి లోకువ. పాత అలవాటుతో ఫేట్స్‌లో ఆర్చర్‌ని కత్తివాళ్ళ మీదికి పంపి "హిట్ ఎందుకింత తగ్గింది" అని తల పట్టుకున్నవాళ్ళని చూశాను. ఎంగేజ్‌లో విల్లు మళ్ళీ ఆ త్రికోణం బయటికి వచ్చింది, కానీ చేతులతో కొట్టే ఆర్ట్స్ వాళ్ళు విలుకాడిని బ్రేక్ చేస్తారు. బ్రేక్ అయినవాడు ఆ పోరాటంలోనే కాదు, తర్వాతి పోరాటంలోనూ ఎదురుదెబ్బ కొట్టలేడు.

అపోహ: రెక్కలున్నది ఏదైనా బాణానికి లోకువే.

రేడియంట్ డాన్‌లో వైవర్న్ (డ్రాగన్ లాంటి ఎగిరే జంతువు) మీద కూర్చున్నవాళ్ళకి బాణం మామూలు బాణమే. వాళ్ళ బలహీనత పిడుగు మంత్రం. ఆ గేమ్‌లో హార్ అనే వైవర్న్ యోధుడు శత్రు ఆర్చర్ల మధ్యకి దర్జాగా వెళ్ళి వస్తాడు.

అపోహ: విలుకాడంటే కాలినడకవాడే.

మొదటి గేమ్ నుంచే గుర్రం మీది విలుకాళ్ళు ఉన్నారు. ఫేట్స్‌లో పక్షి మీద ఎగిరే కిన్షీ నైట్, త్రీ హౌసెస్‌లో క్లాడ్ తన సొంత క్లాస్‌లో ఆకాశం నుంచే విల్లు ఎక్కుపెడతారు. తమాషా ఏమిటంటే ఎగురుతూ బాణాలు వేసే వీళ్ళూ బాణానికి లోకువే. అలాగని కాలినడక ఆర్చర్‌ని చిన్నచూపు చూడకండి. గేమ్‌బాయ్ అడ్వాన్స్ గేమ్‌లలో మ్యాప్ మీద ఉన్న బాలిస్టా (దూరానికి బాణాలు విసిరే పెద్ద యంత్రం) ఎక్కగలిగేది ఆర్చర్, స్నైపర్ మాత్రమే, గుర్రం మీది విలుకాళ్ళకి ఆ అవకాశం లేదు. మామూలు బాలిస్టా రేంజ్ 3 నుంచి 10 గడులు, ఉండేవి 5 బాణాలే. శత్రు ఆర్చర్ బాలిస్టా మీద ఉన్నాడంటే వాడిని పడగొట్టాక మిగిలిన బాణాలు మనవి.

అపోహ: రేంజ్ పెరిగితే ఆర్చర్‌కి అంతా లాభమే.

గేమ్‌బాయ్ అడ్వాన్స్ లాంగ్‌బో 2-3 రేంజ్ ఇస్తుంది, బదులుగా మైట్ 5కి, హిట్ 65కి పడిపోతుంది, బరువు 10కి ఎక్కుతుంది. దానితో డబుల్ కొట్టాలని ఆశపడొద్దు. మూడో గడి నుంచి కొట్టాల్సిన మంత్రగాడో, గోడ అవతలివాడో ఉంటే తీయాలి, పని అయ్యాక లోపల పెట్టాలి. త్రీ హౌసెస్‌లో ఆర్చర్, స్నైపర్ క్లాస్‌లకి ఒక గడి, బో నైట్‌కి రెండు గడులు క్లాస్‌తోనే కలిసొస్తాయి. అక్కడ దూరం నిజంగానే చవక.

అపోహ: విల్లుకి గురి ఉంటే చాలు, బలం అక్కర్లేదు.

డ్యామేజ్‌లో కలిసేది బలమే. నైపుణ్యం తగలడానికీ, క్రిటికల్‌కీ. మినహాయింపులు లేకపోలేదు: రేడియంట్ డాన్ క్రాస్‌బోలకి పట్టుకున్నవాడి బలం కలవదు, త్రీ హౌసెస్‌లో మ్యాజిక్ బో, ఎంగేజ్‌లో రేడియంట్ బో మంత్రశక్తి మీద నడుస్తాయి.

అపోహ: ఫిలీ షీల్డ్ దొరికితే ఇక పెగాసస్‌కి బాణాల బెడద లేదు.

సేక్రెడ్ స్టోన్స్‌లో ఈ డాలు బాణాల మూడింతల దెబ్బను రద్దు చేస్తుంది, నిజమే. బైండింగ్ బ్లేడ్‌లో డెల్ఫీ షీల్డ్, బ్లేజింగ్ బ్లేడ్‌లో ఐయోట్స్ షీల్డ్ చేసేదీ ఇదే. బాణం మామూలు బాణమవుతుంది, అంతే. దెబ్బ పడకుండా పోదు. పైగా డాలు ఆమె సొంత సంచిలో ఉండాలి. ఒకసారి కొత్త ఆయుధాలకి చోటు కోసం సంచి సర్దుతూ ఫిలీ షీల్డ్‌ని కాన్వాయ్‌లోకి (సైన్యం ఉమ్మడి సామాను పెట్టె) పంపాను, తర్వాతి మ్యాప్‌లో పెగాసస్ నైట్ వనెస్సాను ధీమాగా ఇద్దరు ఆర్చర్ల మధ్య దింపాను. రెండో బాణం తగిలాక గుర్తొచ్చింది. చచ్చినవాళ్ళు తిరిగిరాని ఆట కదా, ఆ సేవ్‌లో ఆట చివరిదాకా ఆ డాలు మోయడానికి ఎగిరేవాళ్ళు ఒకరు తక్కువయ్యారు.