చిన్నాన్న కిడ్నీకి పెట్టిన కన్నం

"కిడ్నీకి కన్నం పెడతారటరా. కన్నం పడ్డ కుండలో నీళ్ళు నిలుస్తాయేటి?"

ఆపరేషన్‌కి ముందు రోజు మా చిన్నాన్న అడిగిన మాట ఇది. ఆయన గాజువాక, మద్దిలపాలెం మధ్య ఆటో నడుపుతారు. నీళ్ళు తాగితే మధ్యలో ఆటో ఆపాలి, ఆపితే బేరం పోతుంది. అందుకని తాగరు. విశాఖ ఉక్కపోతలో ఏళ్ళ తరబడి అలా తిరిగాక కుడి కిడ్నీలో రెండు సెంటీమీటర్లు దాటిన రాయి బయటపడింది.

మా వైపు కిడ్నీ అన్న మాటకే టెన్షన్. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి డయాలసిస్ కోసం మా పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి వచ్చేవాళ్ళను ఏళ్ళుగా చూస్తున్న ఊరిది. ఉద్దానం జబ్బు రాళ్ళ వల్ల వచ్చేది కాదని చెప్పినా, భయం ఆ తేడా చూడదు కదా.

చిన్నాన్నకు చేసింది పీసీఎన్ఎల్. 1976లో స్వీడన్ డాక్టర్లు మొదటిసారి చేసి చూపించిన పద్ధతి. వీపు వైపు నుంచి సన్నని సూది గుచ్చి, ఆ దారినే కొంచెం కొంచెంగా వెడల్పు చేసి, గొట్టం దించి, రాయిని లోపలే పగలగొట్టి ముక్కలు బయటికి తీస్తారు. గొట్టం మామూలుగా 8 నుంచి 10 మిల్లీమీటర్లు. మినీ పీసీఎన్ఎల్ అయితే 5, 6 ఉంటుంది.

మరి కన్నం వల్ల ఎంత పోతుంది? ఆస్పత్రి వరండాలో కూర్చుని కాగితం మీద లెక్క వేశాను. 10 మిల్లీమీటర్ల దారి, రెండు సెంటీమీటర్ల మందం కిడ్నీ కండ దాటితే ఘనపరిమాణం సుమారు ఒకటిన్నర మిల్లీలీటర్లు. పెద్దవాళ్ళ కిడ్నీ సుమారు 150. అంటే నూటికి ఒక వంతు. గొట్టం వెడల్పు సగమైతే అది పావు వంతుకి పడిపోతుంది. నిజానికి అంత కూడా పోదు, ఎందుకంటే ఆ కండను కోసి తీసెయ్యరు, పక్కకి జరుపుతారు. గోనెసంచిలో దబ్బనం దూర్చితే పోగులు చాలావరకు తెగకుండా తప్పుకున్నట్టు. గొట్టం తీసేశాక మిగిలేది సన్నని మచ్చ. పైగా కిడ్నీ కుండ కాదు. ఒక్కో దాంట్లో సుమారు పది లక్షల నెఫ్రాన్లు, అంటే వడపోత గొట్టాలు, వేటి పని అవి చేసుకుంటాయి.

అసలు నేర్పు ఎక్కడ గుచ్చాలన్న దాంట్లో ఉంది. మూత్రం వచ్చి పడే చిన్న గిన్నెల్లాంటి గదులుంటాయి, వాటి కొస నుంచి నేరుగా దిగితే పెద్ద రక్తనాళాలు అడ్డం రావు. పక్క నుంచి, గది మెడ దగ్గర గుచ్చితే ధమని తెగొచ్చు. కొద్దిమందిలో రక్తస్రావం ఆగక ఆ నాళాన్ని మూసెయ్యాల్సి వస్తుంది. అప్పుడు అది పోషించే కండ నిజంగానే పోతుంది. ఒకటికి నాలుగు దారులు పెట్టాల్సి వచ్చినా, ముందే షుగరో ఇన్ఫెక్షనో ఉన్నా, ఉన్నది ఒకే కిడ్నీ అయినా లెక్క మారుతుంది.

కన్నమే లేని పద్ధతి ఉంది కదా అంటారు. మూత్రమార్గం గుండా వంగే గొట్టం పంపి లేజర్‌తో పొడి చేసే ఆర్ఐఆర్ఎస్. మంచిదే. అయితే లోపల కనపడడానికి సెలైన్ వదులుతూ ఉండాలి. ఒత్తిడి మరీ పెరిగితే ఆ నీళ్ళు, వాటితో బ్యాక్టీరియా, వెనక్కి కండలోకి, రక్తంలోకి ఎక్కుతాయి. ఆపరేషన్ అయిన రాత్రి చలిజ్వరం వస్తే డాక్టర్లు పరుగున వచ్చేది అందుకే. బయటినుంచి తరంగాలతో కొట్టే పద్ధతిలోనూ కిడ్నీ కాస్త కమిలి, తర్వాత మానుతుంది. కన్నం లేదంటే దెబ్బే లేదని కాదు.

ఇప్పుడు చిన్నాన్న దాచిన సంగతి. మొదటి నొప్పి సంక్రాంతికి వచ్చింది. ఎవరో చెబితే కొండపిండాకు రసం తాగారు. నొప్పి పోయింది. "రాయి కరిగిపోనాది" అన్నారు పిన్నితో. చాలామందికి వచ్చేవి కాల్షియం ఆక్సలేట్ రాళ్ళు, అవి మందులకే కరగవు. మందుతో కరిగేవి ముఖ్యంగా యూరిక్ యాసిడ్ రాళ్ళు. మరి నొప్పి ఎందుకు తగ్గింది? దారి మూసుకుపోయినప్పుడు ఒత్తిడి పెరిగి నొప్పి పుడుతుంది. కొన్నాళ్ళకి ఆ కిడ్నీ వడపోత తగ్గించేస్తుంది, మూత్రం తక్కువ తయారవుతుంది, నొప్పి సద్దుమణుగుతుంది. రాయి మాత్రం ఉన్న చోటే ఉంటుంది. పూర్తిగా మూసుకుంటే కొన్ని వారాల్లోనే తిరిగిరాని నష్టం మొదలవుతుంది. ఆయనది సగం మూత, అందుకే జూన్ దాకా నెట్టుకొచ్చింది.

అన్నాళ్ళూ క్రియాటినిన్, అంటే కిడ్నీలు సరిగా వడకట్టకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం, 1.1. ల్యాబ్ కాగితంలో అంతా నార్మల్. ఒక కిడ్నీ చతికిలపడితే రెండోది ఆ బరువు ఎత్తుకుంటుంది, అందుకే ఆ ఒక్క అంకె చూసి ఎవరూ ఏమీ కనిపెట్టలేరు. ఏ కిడ్నీ వాటా ఎంతో చెప్పేది డీఎంఎస్ఏ స్కాన్. కొద్దిపాటి రేడియోధార్మిక మందు నరానికి ఎక్కించి, రెండు మూడు గంటల తర్వాత ఏ వైపు ఎంత చేరిందో చూస్తారు. ఇద్దరన్నదమ్ముల ఆస్తిలా సగం సగం, లేదా 45, 55 ఉండాలి. చిన్నాన్నది కుడి 31, ఎడమ 69.

ఆపరేషన్ అయిన రెండో రోజు క్రియాటినిన్ 1.4కి ఎక్కింది. పిన్ని ఏడుపు. ఆ రెండు మూడు రోజులు అలా కాస్త పెరగడం అరుదేమీ కాదు, వారానికి మళ్ళీ 1.1కి దిగింది. నాలుగు నెలలకి స్కాన్ తీస్తే కుడి 35. చాలామందిలో జరిగేది ఇలాంటిదే: ఉన్నది నిలుస్తుంది, అడ్డు తొలగితే కొంత తిరిగొస్తుంది. సగానికి ఇంకా తక్కువున్న పదిహేను శాతం సంగతేమిటని చిన్నాన్న అడిగితే డాక్టరుగారు క్యాలెండర్ వైపు చూపించారు. సంక్రాంతి నుంచి జూన్ వరకు.

ఆపరేషన్ తర్వాత మూత్రం దిగడానికి లోపల పెట్టిన స్టెంట్, అంటే సన్నని గొట్టం, తీయించుకోవడం మరిచిపోయేవాళ్ళూ ఉన్నారు. ఏళ్ళు గడిస్తే దాని చుట్టూనే రాయి కట్టి కిడ్నీని మింగేస్తుంది. చిన్నాన్న ఆ తేదీని ఆటో అద్దం మీద, ఇన్సూరెన్స్ స్టిక్కర్ పక్కన, సుద్దముక్కతో రాసుకున్నారు. ఎక్కినవాళ్ళు అదేంటని అడిగితే, "నా ఎఫ్‌సీ డేటు" అనేవారు.