అబ్దోసిర్‌కు గ్రీకు పేరెలా వచ్చింది?

మాల్టాలో దొరికిన రెండు పాలరాతి స్తంభాల మీద క్రీ.పూ. 2వ శతాబ్దానికి చెందిన ఒకే మొక్కుబడి శాసనం రెండు భాషల్లో ఉంది: పైన ఫినీషియన్ (నేటి లెబనాన్ తీరంలోని ప్రాచీన ఫినీషియా భాష), కింద గ్రీకు. స్తంభాలను సమర్పించిన తూరు నగరపు అన్నదమ్ములు ఫినీషియన్ పాఠంలో అబ్దోసిర్, ఒసిర్షమర్. గ్రీకు పాఠంలో డయొనీసియస్, సెరాపియన్.

ఫినీషియా మీద గ్రీకుల ప్రభావం అనగానే శిల్పాలను చూపించడం రివాజు. తూరు లాగే ఫినీషియా నగరమైన సీదోను రాచ శ్మశానంలో 1887లో బయటపడి, ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉన్న 'అలెగ్జాండర్ శవపేటిక' అద్భుతమే, కాదనను. అయితే డబ్బున్న రాజు ఏ దేశపు శిల్పి చేతనైనా పేటిక చెక్కించుకోగలడు. మామూలు మనిషి తన పేరును మరో భాషలో ఎలా చెప్పుకున్నాడో చూస్తే ఆ ప్రభావం ఎంత లోతుకు దిగిందో, ఎక్కడ ఆగిందో ఇంకా బాగా తెలుస్తుంది.

'అబ్ద్' అంటే దాసుడు. అబ్దోసిర్ అంటే ఆసిరిస్ దాసుడు. ఈజిప్టువారి దేవుడు ఆసిరిస్, తమ దేవుడు డయొనీసస్ ఒక్కరేనని గ్రీకులు నమ్మేవారు, గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఆ మాట రాశాడు కూడా. అందుకే ఆసిరిస్ దాసుడు డయొనీసియస్ అయ్యాడు. 'ఆసిరిస్ కాపాడాడు' అనే అర్థమున్న ఒసిర్షమర్, ఆసిరిస్‌ను ఎద్దు దేవుడు ఆపిస్‌తో కలిపి, ఈజిప్టును ఏలిన గ్రీకు రాజులు టాలెమీల కాలంలో కొలిచిన సెరాపిస్ పేరు పెట్టుకున్నాడు. అంటే ముందు దేవుళ్ళకు జత కుదిరింది, ఆ జత ప్రకారం భక్తుల పేర్లు మారాయి.

ఏథెన్స్‌లోని ఒక సమాధిరాతి మీద అబ్ద్‌షమష్ కొడుకు అబ్ద్‌తనిత్ అనే సీదోనువాసి, గ్రీకులో హీలియోడోరస్ కొడుకు ఆర్టెమిడోరస్‌గా కనిపిస్తాడు. షమష్ అంటే సూర్యుడు, హీలియోస్ అన్నా సూర్యుడే; తనిత్ దేవికి జత ఆర్టెమిస్ దేవి. కానీ 'డోరస్' అంటే దాసుడు కాదు, కానుక. మన పేర్లలో చెప్పాలంటే సూర్యదాసు కాస్తా భానుప్రసాద్ అయ్యాడు. (విదిశ దగ్గర గరుడధ్వజం నిలిపిన తక్షశిల గ్రీకు రాయబారి పేరూ అక్షరాలా హీలియోడోరస్సే.) దేవుడికి దాసుణ్ణని చెప్పుకోవడం పశ్చిమాసియాలో గౌరవం, బానిస అనే మాటను పేరులో మోయడం గ్రీకు పౌరుడికి రుచించదు కనుక అనువాదంలో దాస్యం వరంగా మారిందని నా అభిప్రాయం. అదృష్టం కోసం పేరులో ఒక అక్షరం అదనంగా చేర్చుకునే నేటి సంఖ్యాశాస్త్రం కన్నా ఇందులో తర్కం ఎక్కువే ఉంది.

అర్థాన్ని వదిలి శబ్దాన్ని పట్టుకున్న దారి మరొకటి. ఫినీషియన్ లిపిలో అచ్చులు రాయరు. సీదోను రాజు అబ్దష్టార్ట్ పేరు అయిన్, బేత్, దాలెత్, అయిన్, షిన్, తావ్, రేష్, తావ్ అనే ఎనిమిది హల్లులు. మొదటి నాలుగింటినీ వదిలేసి, గ్రీకులో లేని 'ష'ను 'స' చేస్తే స-త-ర-త మిగులుతుంది. దానికి గ్రీకు అచ్చులు, చివర నకారం తగిలిస్తే స్ట్రాటన్. గ్రీకులో ఆ మాటకు మూలం సైన్యం; అష్టార్ట్ దేవికి దానితో సంబంధం లేదు. ఈ స్ట్రాటన్‌ను గౌరవిస్తూ, ఏథెన్స్‌కు వచ్చే సీదోను వర్తకులకు పరదేశి పన్ను మినహాయిస్తూ ఏథెన్స్ వేయించిన శాసనం క్రీ.పూ. 4వ శతాబ్దం నాటిది. అలెగ్జాండర్ క్రీ.పూ. 332లో తూరును ఏడు నెలలు ముట్టడించక ముందే ఈ రాకపోకలు మొదలయ్యాయన్న మాట.

మళ్ళీ మాల్టా రాతి దగ్గరికి వస్తే, రెండు పాఠాలూ సరిసమానం కావు. గ్రీకులో దేవుడు హెరాక్లీస్, మూలపురుషుడు. ఫినీషియన్‌లో ఆయన మెల్కార్ట్, 'మా ప్రభువు, తూరు అధిపతి'. గ్రీకులో తండ్రి పేరు మాత్రమే ఉంటే, ఫినీషియన్‌లో తాత కూడా ఉన్నాడు, ఆయన పేరూ అబ్దోసిరే. తాత పేరు మనవడికి పెట్టడం మనకు కొత్త కాదు కదా! దేవుడు తమ మొర విన్నాడు కనుక దీవించాలన్న ప్రార్థన ఫినీషియన్‌లోనే ఉంది. 1758లో ఫ్రెంచి పండితుడు బార్తెలెమీ కింది గ్రీకు పేర్లను ఆసరాగా తీసుకుని పై అక్షరాలను గుర్తుపట్టాడు. గ్రీకులోకి రాని ఆ ప్రార్థనను చదవగలిగింది ఆ తరవాతే.