ఏఎన్-32 గురించి అడిగిన పిల్లలకు

పిల్లలూ,

హారిక వాట్సాప్‌లో పంపిన ప్రశ్నకు ఫోన్లో టైప్ చేసి జవాబివ్వడం నావల్ల కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నా, నలుగురూ కలిసి చదువుకోండి. "తాతయ్యా, మా నాన్న బైక్‌కి పదిహేనేళ్ళు నిండాయని తుక్కు కింద ఇచ్చేశారు, మరి నలభై ఏళ్ళ నాటి విమానంలో జవాన్లను ఎక్కించుకుని కొండల్లో ఎలా తిప్పుతున్నారు? భయం వేయదా?" అని కదా అడిగింది, ఎయిర్‌ఫోర్స్‌లో సామాను, జవాన్లను మోసే ఏఎన్-32 విమానం గురించి. మంచి ప్రశ్న. పెద్దవాళ్ళు కూడా టీవీ చూసి ఇదే అడుగుతారు, కాకపోతే కోపంగా అడుగుతారు.

ముందు ఒక చిక్కు విప్పాలి. "పాత విమానాల స్థానంలో సీ-295 వచ్చేస్తోంది" అన్న వార్త చూసి అది ఏఎన్-32 గురించే అనుకున్నారు మీరు. కాదు. సీ-295 అనే కొత్త రవాణా విమానం వస్తున్నది ఆవ్రో బదులు. ఆవ్రో అంటే 1961లో మన కాన్పూర్‌లో తయారైన మొదటిది ఎగిరిన విమానం, బేగంపేటలో నావిగేటర్లకు శిక్షణ ఇవ్వడానికి కూడా వాడేవారు. దానికి వెనక తలుపు పూర్తిగా కిందకి దిగే ర్యాంపు ఉండదు, సామాను పక్క తలుపులోంచే ఎక్కించాలి, ఎయిర్‌ఫోర్స్‌కు అదే పెద్ద తలనొప్పి. దాని స్థానంలో 2021లో 56 సీ-295లకు ఒప్పందం కుదిరింది. అందులో 16 స్పెయిన్‌లో తయారై వచ్చేశాయి, మిగతా 40 వడోదరలో చేస్తున్నారు. వాటి భాగాలు కొన్ని మన హైదరాబాద్‌లోనే తయారవుతున్నాయి. నేను పనిచేసిన ఏఎన్-32 మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది, సుమారు వంద విమానాలు.

ఏఎన్-32 ఉక్రెయిన్‌లోని ఆంటొనోవ్ వాళ్ళది. అప్పటికి అది సోవియట్ యూనియన్. ఏఎన్-26 అని వాళ్ళ దగ్గర అంతకుముందే ఒక విమానం ఉండేది, మంచిదే, కానీ మన లేహ్ లాంటి చోట్లకు దాని బలం చాలదు. మన ఎండలకు, మన ఎత్తులకు తట్టుకునేలా కావాలని అడిగితే అదే ఒంటికి దాదాపు రెట్టింపు బలమున్న ఇంజిన్లు పెట్టారు, ఒక్కొక్కటి 5,180 హార్స్‌పవర్. ప్రొపెల్లర్లూ పెద్దవయ్యాయి, ఒక్కోటి నాలుగున్నర మీటర్లు దాటుతుంది. అంత పెద్దవి నేలకు తగలకూడదని ఇంజిన్లను రెక్క మీదికి ఎక్కించేశారు. ఫొటోలో చూస్తే రెక్క మీద రెండు మూటలు మోస్తున్నట్టు ఉంటుంది కదా, కారణం అదే. దానివల్ల ఇంకో లాభం, మట్టి రన్‌వే మీద దిగినప్పుడు రాళ్ళు, దుమ్ము ఇంజిన్‌లోకి తక్కువగా వెళ్తాయి. 1984లో మన ఎయిర్‌ఫోర్స్‌లో చేరింది, 'సట్లెజ్' అని పేరు కూడా పెట్టారు, కానీ మా హ్యాంగర్‌లో ఆ పేరుతో పిలిచినవాణ్ణి నేను చూడలేదు. అందరికీ 'థర్టీటూ' అంతే.

చండీగఢ్‌లో నేను ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌ని. అంటే ఇంజిన్ తప్ప విమానం ఒళ్ళంతా, చక్రాలు, బ్రేకులు, హైడ్రాలిక్స్, రెక్కల కదలికలు, తలుపులు మా పని. శీతాకాలంలో తెల్లవారుజామున మూడింటికల్లా విమానాలు నిలిపే టార్మాక్ మీద ఉండాలి. చేతికి గ్లవ్స్ ఉంటే బోల్టులు వదులు కాకుండా కట్టే లాక్ వైర్ మెలి తిప్పడం రాదు, తీసేస్తే ఇనుము చల్లదనానికి వేళ్ళు కొంకర్లు పోతాయి, తీసి పెట్టుకుంటూ తీసి పెట్టుకుంటూ పని చేసేవాళ్ళం. అంత పొద్దున్నే ఎందుకంటే, లేహ్ విమానాశ్రయం పదివేల అడుగుల పైన ఉంది, అక్కడ గాలి మన దగ్గరి గాలి కంటే పల్చన. ఎండ ఎక్కేకొద్దీ ఇంకా పల్చబడుతుంది, రెక్కకు ఎత్తే బలం తగ్గుతుంది, ఇంజిన్‌కూ ఊపిరి తగ్గుతుంది, పైగా మధ్యాహ్నానికి కొండల మధ్య గాలులు మొదలవుతాయి. కాబట్టి ఎండ ముదరక ముందే వెళ్ళి, దించి, తిరిగి రావాలి. ఎంత ఎత్తుకు, ఎంత వేడికి ఎంత బరువు అన్న లెక్క అతి ముఖ్యం. ఈ విమానం మామూలుగా 6.7 టన్నులు మోస్తుంది కానీ ఎత్తైన చోట అంత ఎక్కిస్తే మళ్ళీ లేవదు. ప్రతి మూటా తూకం వేసి, ఏది ఎక్కడ కట్టాలో చూసి మరీ ఎక్కించేవారు, ఎందుకంటే బరువు తోక వైపు ఎక్కువైతే ముక్కు పైకి లేచిపోతుంది. కూరగాయలు, కిరోసిన్, మందులు, టపా, సెలవు అయిపోయి తిరిగొస్తున్న జవాన్లు, ఒక్కోసారి మేకలు కూడా. మేకలు వెళ్ళొచ్చాక లోపల కడగడం ఎవరి పనో చెప్పనక్కర్లేదు.

లోపల ఎలా ఉంటుందంటే, నిహాల్, నువ్వు ఇండిగోలో కూర్చున్నట్టు ఉండదు. రెండు గోడల వెంట కాన్వాసు సీట్లు, ఎదురెదురుగా మోకాళ్ళు తగులుతుంటాయి, మధ్యలో వలలు బిగించిన సామాను. చెవుల్లో దూది పెట్టుకున్నా ఇంజిన్ల హోరు పళ్ళల్లో వినిపిస్తుంది. మాట్లాడుకోవాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి, కాబట్టి అందరూ సైగలు నేర్చేసుకుంటారు. జవాన్లు మాత్రం ఎక్కిన అయిదు నిమిషాల్లో నిద్రపోతారు, అదెలా సాధ్యమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నాకు ఈ విమానంలో బాగా ఇష్టమైనది దాని వెనక తలుపు. అది రెండు రకాలుగా తెరుచుకుంటుంది. నేల మీద ఉన్నప్పుడు ర్యాంపులా కిందికి వాలుతుంది, జీపు నేరుగా ఎక్కించేయవచ్చు. అదే తలుపును ముందుకి లాగి విమానం పొట్ట కిందికి జరిపేయవచ్చు కూడా, అప్పుడు వెనక మొత్తం ఖాళీ. లారీని రివర్స్‌లో తెచ్చి ఆనిస్తే లారీ మీంచి సామాను నేరుగా లోపలికి వెళ్తుంది, ఆకాశంలో అయితే అక్కణ్ణుంచే మూటలు జారవిడుస్తారు. అస్సాంలోని జోర్హాట్‌లో ఉన్నప్పుడు ఇదే రోజూ పని. అరుణాచల్‌లో రోడ్డు లేని ఊళ్ళు అప్పట్లో చాలా ఉండేవి. బియ్యం, ఉప్పు, పప్పు పైనుంచే. ఎర్ర దీపం వెలిగితే సిద్ధం, పచ్చ దీపం వెలిగితే పైలట్ ముక్కు కొంచెం పైకెత్తుతాడు, మూటలు రోలర్ల మీద వాటంతటవే వెనక్కి జారతాయి, ఒక్కోదానికి కట్టిన తాడు లాగి పారాషూట్ విప్పుతుంది. అంతా కొన్ని సెకన్లలో అయిపోతుంది. ఆ కొన్ని సెకన్లలో తలుపు మొరాయిస్తే తప్పు ఫిట్టర్‌ది, అందుకే ఆ తలుపు పట్టాలను నేను తుడిచినంతగా ఇంట్లో బీరువా కూడా తుడవలేదని మీ నానమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

ఇక అసలు ప్రశ్నకు వస్తా. బైక్‌కి ఆర్సీ మీద తేదీ చూసి వయసు చెప్తారు. విమానానికి తేదీ ఒక్కటే చాలదు, ఎన్ని గంటలు ఎగిరింది, ఎన్నిసార్లు దిగింది, మూడూ కలిపి లెక్క. ప్రతి దిగడంలో చక్రాల కాళ్ళ మీద, రెక్క మొదట్లో ఒత్తిడి పడుతుంది. పైకెళ్ళిన ప్రతిసారీ లోపలి గాలి ఒత్తిడికి ఒళ్ళు కొంచెం ఉబ్బి, దిగాక మామూలవుతుంది. ఇలా వేలసార్లు జరిగితే లోహం అలిసిపోతుంది, రివెట్ రంధ్రం అంచున కంటికి కనపడని సన్నటి పగులు పుడుతుంది. దాన్ని పట్టుకోవడం ఎలాగంటే, ఆ భాగాన్ని శుభ్రంగా కడిగి ఎర్రటి ద్రవం పూస్తాం, కొంచెంసేపు వదిలేస్తాం, పగులు ఉంటే అందులోకి ఇంకుతుంది. పైన పూర్తిగా తుడిచేసి తెల్లటి పొడిలాంటిది స్ప్రే చేస్తాం. అంతా తెల్లగా ఉంటే బతికాం. వెంట్రుకంత ఎర్ర గీత తేలిందా, ఆ భాగం విమానం మీదికి మళ్ళీ వెళ్ళదు. మొదటిసారి అలాంటి గీత తేలడం చూసినప్పుడు నాకు చెమట పట్టింది, అంతకుముందు అదే భాగాన్ని పట్టపగలు భూతద్దం పెట్టి చూశాను, ఏమీ కనపడలేదు.

ఇంజిన్లకూ అంతే, ఇన్ని గంటలయ్యాక విప్పి ఓవర్‌హాల్ చేయాల్సిందే, బాగానే నడుస్తోంది కదా అని వదలరు. చేసిన ప్రతి పనికీ ఫారం 700 అనే పుస్తకంలో సంతకం పెట్టాలి. ఆ సంతకం చూసుకున్నాకే పైలట్ ఎక్కుతాడు. పరీక్షలో మార్కులు తగ్గితే ప్రోగ్రెస్ రిపోర్టు మీద మీరే నాన్న సంతకం పెట్టేసే తెలివి ఇక్కడ పనికిరాదు, చింటూ, నీకే చెప్తున్నా.

అలా చూసుకున్నాక కూడా ఒక రోజు వయసు అయిపోతుంది. మొదట దీనికి పాతికేళ్ళ ఆయుష్షు అన్నారు. 2009లో ఉక్రెయిన్‌తో ఒప్పందం చేసుకుని 105 విమానాలకు పాత పరికరాలు మార్చి, ఒంటిని బలపరిచి ఆయుష్షు నలభైకి పెంచాలనుకున్నారు. 40 విమానాలు అక్కడ, మిగతావి కాన్పూర్‌లోని మన డిపోలో. 2014లో రష్యా, ఉక్రెయిన్ మధ్య గొడవ మొదలయ్యేసరికి విడిభాగాల రాక చెడింది, కాన్పూర్ పని నత్తనడక నడిచింది. ఎక్కడో రెండు దేశాలు కొట్టుకుంటే కాన్పూర్‌లో మన ఫిట్టర్ చేతులు ముడుచుకుని కూర్చోవాల్సి రావడం, నా దృష్టిలో అదీ అసలు ప్రమాదం. చివరి విమానాలు 1991లో వచ్చాయి, వాటికి నలభై కలిపి చూసుకోండి, ఎంత సమయం మిగిలిందో మీకే తెలుస్తుంది. వీటి బదులు 18 నుంచి 30 టన్నులు మోసే విమానం కావాలని 2022 చివర్లో కంపెనీలను వివరాలు అడిగారు. ఆ అడగడం పదేళ్ళు ముందే జరగాల్సింది. ఇది నా సొంత అభిప్రాయం, రిటైరైనవాణ్ణి కాబట్టి ధైర్యంగా రాస్తున్నా.

ప్రమాదాల గురించి దాచను, మీరు ఎలాగూ గూగుల్ చేస్తారు. 2016 జూలై 22న చెన్నై దగ్గరి తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ బయలుదేరిన ఏఎన్-32 బంగాళాఖాతం మీద కనపడకుండా పోయింది. 29 మంది. అందులో ఎనిమిది మంది విశాఖపట్నం నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు, మన తెలుగు ఇళ్ళు. నెలల తరబడి ఓడలు, విమానాలు వెతికినా దొరకలేదు. ఏడేళ్ళు దాటాక, సముద్ర పరిశోధన సంస్థ వాళ్ళు నీళ్ళలోకి పంపిన మనిషి లేని యంత్రం 3,400 మీటర్ల లోతులో శకలాలను ఫొటో తీసింది, 2024 జనవరిలో ఆ సంగతి ప్రకటించారు. చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో. ఆ ఇళ్ళలోవాళ్ళు అన్నేళ్ళూ ఫోన్ మోగినప్పుడల్లా ఎలా లేచి ఉంటారో ఆలోచించడానికే కష్టంగా ఉంటుంది. 2019 జూన్ 3న జోర్హాట్ నుంచి అరుణాచల్‌లోని మెచుకా వెళ్తున్న ఇంకో ఏఎన్-32 కూలింది, 13 మంది. ఎనిమిది రోజులకు శకలాలు కనపడ్డాయి. ఆ దారి నాకు తెలుసు. లోయ మలుపు తిరిగేసరికి మబ్బు ఎదురొస్తుంది, ఆ మబ్బులో కొండ ఉందో లేదో కిటికీలోంచి చెప్పలేం. కొత్త విమానానికైనా ఆ కొండ అక్కడే ఉంటుంది, కాకపోతే కొత్తదానిలో ముందే హెచ్చరించే పరికరాలు మెరుగ్గా ఉంటాయి. అందుకే భయం వేయదా అంటే వేస్తుంది, కానీ విమానం వయసు చూసి కాదు.

మరి గొప్పలు కూడా చెప్పాలి కదా. 1987 జూన్ 4న శ్రీలంకలోని జాఫ్నాలో ఆకలితో ఉన్నవాళ్ళకు సరుకులు జారవిడిచింది అయిదు ఏఎన్-32లే, మిరాజ్ యుద్ధవిమానాలు తోడుగా వెళ్ళాయి. 2008 మే 31న లద్దాఖ్‌లోని దౌలత్ బేగ్ ఓల్డీలో, 16,600 అడుగుల ఎత్తున, 43 ఏళ్ళుగా ఏ రెక్కల విమానమూ దిగని మట్టి నేల మీద ఏఎన్-32 దిగింది. అక్కడి గాలి మన సముద్రతీరం గాలిలో 60 శాతమే. అడవి ఆముదం గింజల నూనెతో చేసిన ఇంధనం కలిపి మన సైన్యంలో మొదట ఎగిరింది కూడా ఈ ముసలిదే, 2018 డిసెంబర్‌లో చండీగఢ్‌లో. కిందటిసారి మీరు సంక్రాంతికి ఒంగోలు వెళ్ళారే, అక్కడికి దగ్గర్లో హైవే మీద కొరిసపాడు దగ్గర రోడ్డు ఒకచోట ఉన్నట్టుండి తిన్నగా, వెడల్పుగా మారుతుంది. ఆ నాలుగు కిలోమీటర్ల ముక్క అత్యవసర రన్‌వే. 2024 మార్చిలో దాని మీద ఏఎన్-32 దిగి మళ్ళీ లేచింది. మా తోడల్లుడు పొలం గట్టు మీంచి వీడియో తీసి పంపాడు, వణికిపోయిన వీడియో, సగం ఆకాశం సగం ఆయన బొటనవేలు, అయినా ఆ చప్పుడు నాకు చాలు.

హారిక చివర్లో ఇంకో చిన్న ప్రశ్న పెట్టింది, "అమ్మాయిలు నడపొచ్చా?" అని. మొదటి బ్యాచ్ మహిళా పైలట్లు 1994 డిసెంబర్‌లో పాసైంది మన దుండిగల్ అకాడమీ నుంచే, రవాణా విమానాలు, హెలికాప్టర్లు నడపడానికే తీసుకున్నారు వాళ్ళను. ఇప్పుడు ఇంటర్ అవ్వగానే సైన్యంలో అధికారులుగా చేరడానికి పెట్టే ఎన్‌డీఏ పరీక్ష అమ్మాయిలూ రాయొచ్చు, డిగ్రీ అయ్యాక అయితే ఎయిర్‌ఫోర్స్ వాళ్ళ ప్రవేశ పరీక్ష ఏఎఫ్‌క్యాట్. పైలట్ కావాలంటే మ్యాథ్స్, ఫిజిక్స్ వదలకు. ఆదిభట్ల వైపు వెళ్తే ఇంకో దారి ఉంది, అమెరికా సీ-130జే హెర్క్యులిస్ విమానాల తోకలు అక్కడి ఫ్యాక్టరీలోనే తయారవుతాయి, విమానం నడపడమే కాదు, చేయడం కూడా ఉద్యోగమే. కింది ఫ్లోర్ వాళ్ళబ్బాయి అక్కడే పని చేస్తున్నాడు, వచ్చే ఆదివారం వాడు ఇంట్లో ఉంటాడట, అడగాల్సినవి కాగితం మీద రాసుకుని రండి. మేకల సంగతి మాత్రం నన్నే అడగాలి.

మీ తాతయ్య,
అల్వాల్