మడమ తెగింది, నొప్పి ఎక్కడ పుట్టింది?

పలాస

చిరంజీవులు చిట్టికి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

కిందటి ఆదివారం మన జీడితోటలో బుజ్జి మడమకు గాజుపెంకు గుచ్చుకుంది. జీడిపండ్ల కోసం చెట్టు నుంచి చెట్టుకు పరుగెడుతున్న వాడికి ఆ సంగతే తెలియలేదు. ఇసుకలో ఎర్రటి అడుగులు చూసి చిట్టి కేక వేసింది. అప్పుడు కాలు చూసుకుని వాడు ఏడుపు లంకించుకున్నాడు. "రక్తం చూశాకే నొప్పి వచ్చిందట! అంతా నటన" అన్నావు చిట్టీ. మీరు విశాఖ వెళ్లిపోయినా ఆ మాట నన్ను వదలడం లేదు. వాడు నటించలేదమ్మా.

చర్మంలోని నరాల కొసలు పంపేది "ఇక్కడేదో తెగింది" అనే కబురు మాత్రమే. అది సన్నటి విద్యుత్ స్పందనలుగా వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడుకు చేరుతుంది. కాలి బొటనవేలు గడపకు కొట్టుకున్నప్పుడు గమనించు. ముందు చురుక్కుమంటుంది, ఆ వెనక సలుపు మొదలవుతుంది. చురుకును తెచ్చే నరాల పోగులది సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగం. సలుపును తెచ్చేవి మరీ సన్నం, సెకనుకు 2 మీటర్లు కూడా దాటవు.

వెన్నుపాములో ఈ కబురుకు ఒక తలుపు లాంటిది ఉందని 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. దెబ్బ తగిలిన చోట నానమ్మ అరచేత్తో రుద్దితే హాయిగా ఉంటుంది కదా, ఆ స్పర్శ కబుర్లు నొప్పి కబురుకు అడ్డుపడతాయి. పైనుంచి మెదడు కూడా ఆ తలుపు దగ్గరగా వేయగలదు. బుజ్జి మనసంతా పండ్ల మీద ఉన్నంతసేపు అదే జరిగి ఉంటుంది. రక్తం కళ్లబడగానే మెదడు ప్రమాదమని లెక్కవేసింది. నొప్పి అప్పుడు పుట్టింది. అప్పుడు పుట్టినా నిజమైన నొప్పే.

చల్లటి చద్దన్నంలో పచ్చిమిరపకాయ కొరికినా నోరు మండుతుంది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టే గ్రాహకాన్నే మిరపలోని కాప్సైసిన్ అనే ఘాటు పదార్థం తట్టిలేపుతుంది. 1997లో ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన బృందానికి నాయకుడు డేవిడ్ జూలియస్. 2021 నోబెల్ బహుమతి పంచుకున్న ఇద్దరిలో ఆయన ఒకరు.

మా పెద్దన్నయ్యకు ప్రమాదంలో మోకాలి కింద కాలు తీసేశారు. నెలలు గడిచినా రాత్రిళ్లు లేచి కూర్చుని, ఆ పాదం వేళ్లు మెలితిరిగిపోతున్నాయనేవాడు. దుప్పటి తీస్తే అక్కడ పరుపే కనిపించేది. ఇంట్లో ఎవరం నమ్మలేదు. పాదం పోయినా దాని కోసం మెదడులో ఉన్న చోటు ఎక్కడికీ పోదని అప్పుడు మాకు తెలియదు. 1990లలో వి.ఎస్. రామచంద్రన్ అనే మెదడు శాస్త్రవేత్త చేయి పోయినవారి ముందు అద్దం నిలబెట్టి, ఉన్న చేతి ప్రతిబింబం లేని చేతి చోట కనిపించేలా చేశారు. బిగుసుకుపోయిన ఆ లేని పిడికిలి విప్పుకున్నట్టనిపించి కొందరికి నొప్పి తగ్గింది. ఈ సంగతి నేను చదివేనాటికి అన్నయ్య లేడు.

చిట్టీ, రాత్రి కాలు సలుపుతోందని బుజ్జి అంటే కాసేపు వాడి పక్కన కూర్చో. కట్టు విప్పాక మడమ ఎలా ఉందో రాయండి.

మీ తాతయ్య