పరుగు తగ్గిస్తే బరువెందుకు పెరుగుతుంది?

ఆగస్టు మొదలైతే చాలు, పరిగెత్తేవాళ్ల దగ్గర నుంచి నాకు ఉత్తరాలు పెరుగుతాయి. హైదరాబాద్ మారథాన్ ఆ నెలాఖరులోనే కదా! ఈసారి ఒక పాఠకురాలు అడిగారు: “ఐదు నెలలుగా వారానికి అరవై కిలోమీటర్లు పరిగెత్తాను. ఇంకో మూడు వారాలుందనగా కోచ్ అంతా సగానికి తగ్గించమన్నారు. తగ్గించాక కిలోన్నర బరువు పెరిగాను. కాళ్లు ఈడ్చుకుంటున్నట్టున్నాయి. ఇన్నాళ్ల కష్టం కరిగిపోతోందేమోనని నిద్ర పట్టడం లేదు.”

అమ్మా, కరిగిపోవడం లేదు, పోగవుతోంది. ఆ కిలోన్నరలో ఎక్కువ భాగం కొవ్వు కాదు. కండరంలో చేరిన ఇంధనం, దాన్ని అంటిపెట్టుకుని వచ్చిన నీళ్లు. ఆ ఇంధనం పేరు గ్లైకోజెన్. ఒక గ్రాము గ్లైకోజెన్ నిల్వ పడితే దాంతోపాటు దాదాపు మూడు గ్రాముల నీళ్లు కూడా కండరంలో నిలుస్తాయి. అంటే అదనంగా మూడు వందల గ్రాములు చేరితే తూకంలో కనిపించేది కిలో రెండొందలు. గ్లైకోజెన్ ఖర్చయ్యేకొద్దీ ఆ నీళ్లూ విడుదలవుతాయి. ఆగస్టు ఉక్కలో పరిగెత్తేవాళ్లకు అదేమీ చెడ్డ సంగతి కాదు.

పరుగుకు ముందు సాధన తగ్గించడాన్ని రన్నర్లు టేపరింగ్ అంటారు. దానివల్ల ఒంట్లో జరిగేవి చాలానే ఉన్నాయి. నన్ను మాత్రం ఏళ్లుగా పట్టుకుని వదలనిది ఈ గ్లైకోజెన్ కథే, అందుకే ఎక్కువసేపు దాని దగ్గరే నిలబడతాను.

బడిలో గ్లైకోజెన్ అంటే ఖాళీ పూరించే ప్రశ్న. “అదనపు గ్లూకోజ్ కాలేయంలో ఏ రూపంలో నిల్వ ఉంటుంది?” ఒక్క మార్కు. 1857లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్ దాన్ని కాలేయం నుంచే వేరుచేశాడు కాబట్టి పాఠం కూడా కాలేయం దగ్గరే ఆగిపోయినట్టుంది. నిజానికి కాలేయంలో ఉండేది వంద గ్రాములకు అటూ ఇటూ. ఒంట్లోని కండరాలన్నిట్లో కలిపి దానికి నాలుగైదు రెట్లు ఉంటుంది. ఈ పాఠం ఆటల పీరియడ్‌లో, పిల్లలు పరిగెత్తి ఆయాసపడుతున్నప్పుడు చెప్పాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

లెక్క చూడండి. మనిషి పరిగెత్తడానికి కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు ఒక కిలోకేలరీ ఖర్చవుతుంది. అరవై కిలోల మనిషి మారథాన్ దూరం, అంటే 42.195 కిలోమీటర్లు, పరిగెత్తాలంటే దాదాపు 2,530 కావాలి. నాలుగొందల గ్రాముల కండరపు గ్లైకోజెన్, వంద గ్రాముల కాలేయపు గ్లైకోజెన్ కలిపితే గ్రాముకు నాలుగు చొప్పున 2,000. పైగా చేతుల్లో, వీపులో ఉన్నదంతా కాళ్లకు పనికిరాదు. మరి కొవ్వు? బక్కపలచని మనిషిలో కూడా కిలోల కొద్దీ ఉంటుంది, వారాల తరబడి నడిపించగలదు. కానీ కొవ్వు నిదానంగా కాలుతుంది, ఆక్సిజన్‌నూ ఎక్కువ అడుగుతుంది. లీటరు ఆక్సిజన్‌తో గ్లూకోజ్‌ను కాలిస్తే అయిదు కిలోకేలరీలకు కాస్త పైన వస్తాయి, కొవ్వును కాలిస్తే 4.7. గ్లైకోజెన్ అడుగంటి కొవ్వు మీదే ఆధారపడాల్సి వస్తే వేగం తగ్గక తప్పదు. ముప్పై, ముప్పై రెండు కిలోమీటర్ల దగ్గర చాలామందికి జరిగేది ఇదే. రన్నర్లు దాన్నే ‘వాల్’ అంటారు.

చేతుల్లో ఉన్నది కాళ్లకు ఎందుకు రాదు? ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. ప్రతి కండర కణాన్నీ సొంత గాదె ఉన్న ఇల్లనుకోండి. ఈ ఊళ్లో గాదెలకు ఒక కట్టుబాటు ఉంది. వడ్లు లోపలికి పోయొచ్చు, దంచుకుని ఆ ఇంటివాళ్లే తినాలి, పక్కింటికి చేబదులు ఇవ్వడానికి లేదు. కట్టుబాటు పెట్టింది రసాయనం. గ్లైకోజెన్ నుంచి ఊడివచ్చే గ్లూకోజ్ ఫాస్ఫేట్ అనే చిన్న రసాయన తోకను తగిలించుకునే వస్తుంది. ఫాస్ఫేట్ తగిలిన గ్లూకోజ్ కణపు పొర దాటలేదు. దాన్ని ఊడదీసే ఎంజైమ్, గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్, కాలేయంలో ఉంది, కండరంలో లేదు. లాక్టేట్‌గా మారి రక్తంలోకి జారుకునే దొడ్డిదారి ఒకటుంది గానీ, దాన్ని నమ్ముకుని మారథాన్ పూర్తిచేయలేం. ఊరందరికీ పంచిపెట్టే ఉమ్మడి గాదె కాలేయం ఒక్కటే.

దీన్ని ఇద్దరు స్వీడన్ వైద్యులు తమ ఒంటి మీదే రుజువు చేసుకున్నారు. స్టాక్‌హోమ్‌లో యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్, ఎరిక్ హల్ట్‌మన్. వ్యాయామ సైకిల్ ఒకటే, దానికి అటొకరు ఇటొకరు. ఒక్కొక్కరూ ఒక్క కాలితోనే, ఇక వల్లకాదన్నంత వరకు తొక్కారు. రెండో కాలికి పూర్తి విశ్రాంతి. ఆ తర్వాత మూడు రోజులు పిండిపదార్థాలు దండిగా తిన్నారు. సూదితో రెండు తొడల నుంచీ చిన్న కండరపు ముక్కలు తీసి కొలిచారు. తిన్న తిండి ఒకటే, రక్తం ఒకటే, ఇన్సులిన్ ఒకటే. అయినా తొక్కిన కాలిలో గ్లైకోజెన్ విశ్రాంతి కాలిలో కన్నా దాదాపు రెట్టింపయింది! 1966లో ‘నేచర్’ పత్రికలో ఇది అచ్చయింది. గాదెను ఒకసారి ఊడ్చేస్తే, మళ్లీ నింపేటప్పుడు అది పాత కొలతకు ఆగదు, పొంగేలా నింపుకుంటుంది. ఆ ఆబ ఏ కండరం పని చేసిందో దానికే పుడుతుంది.

లోపల ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. గ్లైకోజెన్ రేణువు నడుమ గ్లైకోజెనిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. దాని చుట్టూ గ్లూకోజ్ గొలుసులు పొడవు పెరుగుతూ, అక్కడక్కడా కొమ్మలు చీలుతూ, పన్నెండు వరసల దాకా అల్లుకుంటాయి. నలభై నానోమీటర్ల రేణువులో యాభై వేల పైచిలుకు గ్లూకోజ్‌లు. కొత్త గ్లూకోజ్‌ను తెచ్చి గొలుసుకు తగిలించేది గ్లైకోజెన్ సింథేజ్ అనే ఎంజైమ్. దాని ఒంటి మీద ఫాస్ఫేట్‌లు ఎక్కువగా ఉంటే మందకొడిగా ఉంటుంది, తొలగిస్తే చురుకవుతుంది. గ్లైకోజెన్ తగ్గేకొద్దీ ఫాస్ఫేట్‌లు తొలగుతాయి, నిండేకొద్దీ మళ్లీ చేరతాయి. ఇక గ్లూకోజ్‌ను కణంలోకి దాటించేది గ్లూట్-4 అనే ప్రోటీన్, అంటే గాదె మూతి. ఇది మామూలుగా కణం లోపల దాగి ఉంటుంది, ఇన్సులిన్ పిలిచినా కండరం ముడుచుకున్నా పొర మీదికి వస్తుంది. నెలల తరబడి పరిగెత్తినవాళ్ల కండరంలో గ్లూట్-4 ఎక్కువ. మన పాఠకురాలి ఐదు నెలల కష్టం దాక్కున్న చోట్లలో ఇదొకటి.

1967లో అదే బృందం సాల్టిన్, హెర్మన్‌సెన్ అనే పరిశోధకులతో కలిసి ఇంకో అడుగు వేసింది. కొవ్వు, మాంసకృత్తులే తిన్నప్పుడు ఒకే తీవ్రతతో సుమారు 57 నిమిషాలు సైకిల్ తొక్కగలిగినవాళ్లు, మామూలు తిండితో 114 నిమిషాలు, పిండిపదార్థాలతో 167 నిమిషాలు తొక్కారు. ఈ వార్త పరిగెత్తేవాళ్లకు చేరడానికి ఎంతోకాలం పట్టలేదు. 1969లో ఏథెన్స్ యూరోపియన్ పోటీల్లో ఇంగ్లండ్ రన్నర్ రాన్ హిల్ ఈ పద్ధతి పాటించి, చివర్లో బెల్జియం వీరుడు రోలాంట్స్‌ను దాటి మారథాన్ గెలిచాడు. హిల్ స్వయంగా రసాయనశాస్త్రంలో డాక్టరేట్ ఉన్నవాడు.

ఆ పద్ధతి కఠినం. వారం ముందు ఒళ్లు అలిసేదాకా పరిగెత్తడం, మూడు రోజులు అన్నం, రొట్టె ముట్టకపోవడం, ఆపైన మూడు రోజులు అవే తినడం. మధ్య మూడు రోజుల్లో చిరాకు, నీరసం, జలుబు. పందెం వారంలో మనిషిని ఇంతగా ఏడిపించడం అవసరమా? అవసరం లేదని 1981లో షెర్మన్, కాస్టిల్ బృందం చూపించింది. రోజురోజుకూ పరుగు తగ్గిస్తూ చివరి మూడు రోజులు పిండిపదార్థాలు పెంచితే చాలు, దాదాపు అంతే నిల్వ చేరుతుంది. సాధనలో ఉన్నవాళ్ల గాదె రోజూ ఎలాగూ ఖాళీ అవుతూనే ఉంటుంది. తీసేది తగ్గిస్తే అదే నిండుతుంది. అయినా ఆ మూడు రోజుల కడుపుమాడ్పును ఇప్పటికీ మంత్రంలా పాటించేవాళ్లున్నారు. మన దగ్గర వైద్యం ఎంత చేదైతే అంత గుణమనే నమ్మకం బలమైనది. గ్లైకోజెన్‌కు ఆ నమ్మకంతో పనిలేదు.

అయితే పూర్తిగా పడుకోవచ్చా? కూడదు. వారం పది రోజులు కదలకుండా ఉంటే గ్లూట్-4 తగ్గిపోతుంది, గాదె మూతి సన్నబడుతుంది. అందుకే మంచి కోచ్‌లు దూరం తగ్గిస్తారు గానీ వేగం తగ్గించరు. 2007లో బొస్కే, ముజికా తదితర పరిశోధకులు అప్పటివరకు జరిగిన అధ్యయనాలన్నీ గుదిగుచ్చి చూస్తే తేలింది కూడా ఇదే: రెండు వారాల పాటు మొత్తం పరుగును 41 నుంచి 60 శాతం దాకా తగ్గించాలి, వేగాన్నీ వారానికి ఎన్నిసార్లన్న లెక్కనూ అలాగే ఉంచాలి. దీనివల్ల వచ్చే మెరుగుదల రెండు మూడు శాతం. చిన్నదిగా కనిపిస్తుంది గానీ, నాలుగున్నర గంటల్లో పూర్తిచేసేవారికి అది అయిదు నుంచి ఎనిమిది నిమిషాలు. ఇందులో గ్లైకోజెన్‌తోపాటు వేగపు కండర తంతువులు బలపడటం, ఎర్ర రక్తకణాల నష్టం తగ్గడం లాంటివి కూడా ఉన్నాయి.

ఒక్క జాగ్రత్త మాత్రం హైదరాబాద్ వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. నెక్లెస్ రోడ్ నుంచి గచ్చిబౌలి వైపు సాగే ఆ దారిలో ఫ్లైఓవర్లు ఎక్కువ. ఎక్కడం ప్రాక్టీస్ చేస్తున్నామని చివరి పది రోజుల్లో వాటి మీద పడి తిరిగేవాళ్లున్నారు. ప్రమాదం ఎక్కడంలో లేదు, దిగడంలో ఉంది. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బిగుసుకోవాలి. ఆ పనిలో తంతువులు సన్నగా చిరుగుతాయి. చిరిగిన తంతువులో గ్లూట్-4 తగ్గుతుంది, వాపుతో వచ్చిన తెల్లకణాలు కూడా గ్లూకోజ్‌ను వాడేసుకుంటాయి. ఎంత అన్నం తిన్నా ఆ కండరం కొన్ని రోజుల దాకా సరిగా నిండదు. ఫ్లైఓవర్ల సాధన జూలైలో చేసేయాలి.

ఇక తిండి. చివరి రెండు రోజులు కిలో శరీరబరువుకు పది గ్రాముల చొప్పున పిండిపదార్థాలు తినమంటారు. అరవై కిలోల మనిషికి ఆరొందల గ్రాములు, అంటే ఒక్క బియ్యంతోనే సరిపెట్టాలంటే రోజుకు ముప్పావు కిలో బియ్యం! అంత అన్నం ఎవరూ తినలేరు. అందుకే ఇడ్లీ, అటుకులు, అరటిపండు, బెల్లం పానకం, చెరకు రసం కలుపుకుంటూ పోవాలి. తెల్లన్నమే మేలు. ఆ రెండు రోజులూ ముడిబియ్యం, ఆకుకూరలు, శనగలు పక్కనపెట్టాలి, పీచు పేగుల్లో బరువు. ముందురోజు రాత్రి బిర్యానీ తింటే శక్తి వస్తుందని చాలామంది నమ్ముతారు. బిర్యానీలోని నెయ్యి, మాంసం పొట్ట నింపేసి, అన్నానికి చోటు లేకుండా చేస్తాయి. పెరుగన్నం చాలా నయం. మధుమేహం ఉన్నవాళ్లు మాత్రం ఈ లెక్కలేవీ డాక్టర్‌ను అడగకుండా పాటించకూడదు.

అదే పాఠకురాలు చివర్లో ఇంకోటి కూడా అడిగారు. చాలా ఏళ్లు ఈ పందెం శ్రావణ మాసంలో పడుతుంది. శ్రావణ శనివారం ఒంటిపూట ఉండే అలవాటు ఆవిడది, పందెం ఆదివారం. ఉపవాసం మానాలా? మానక్కర్లేదు, ముందే సర్దుకుంటే చాలు. బాగా సాధన చేసి, విశ్రాంతిలో ఉన్న కండరం ఒక్క రోజు పిండిపదార్థాలతోనే నిండగలదని 2002లో ఆస్ట్రేలియాలో బస్సావు బృందం చూపించింది. కదలకుండా, పిండిపదార్థాలు అలాగే తింటూ ఉంటే ఆ నిల్వ ఆ తర్వాత రెండు రోజులు అలాగే నిలిచింది కూడా. కట్టుబాటు గుర్తుందిగా, కండరపు గాదె నుంచి బయటికి దారి లేదు. కాబట్టి గురు, శుక్రవారాల్లో బాగా తిని, శనివారం ఆ ఒక్కపూటా అన్నం, బెల్లం, పళ్లు తీసుకుంటే కాళ్లకు లోటు రాదు. తగ్గేది కాలేయంలోని ఉమ్మడి గాదె. మెదడు రాత్రంతా దాని మీదే బతుకుతుంది, మామూలు రోజున కూడా తెల్లవారేసరికి అది చాలావరకు ఖాళీ. పందెం చీకటితోనే మొదలవుతుంది కాబట్టి అంతకు రెండు మూడు గంటల ముందే లేచి నాలుగు ఇడ్లీలు, ఒక అరటిపండు, రెండు చెంచాల తేనె తినాలి. చట్నీ వద్దు.